ముందు వాల్వ్ కట్టు, ఆ తర్వాతే తాళం

ప్రశ్న: అన్నా, నమస్తే. నేను కెనడాలోని బ్రాంప్టన్‌లో కాలేజీలో చదువుకుంటూ, ఏజెన్సీ ద్వారా ఒక వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్టులు చేస్తున్నాను. ఫోర్క్‌లిఫ్ట్ సర్టిఫికెట్ ఉంది గానీ, నేను నేర్చుకున్నది బ్యాటరీ బండి మీద. ఇక్కడ అన్నీ ప్రొపేన్ బండ్లే. ట్యాంక్ ఎలా మార్చాలో మా సూపర్‌వైజర్ రెండు నిమిషాల్లో చూపించి, "బుస్సుమంటుంది, అది మామూలే" అన్నాడు. పోయిన వారం ఇంజన్ ఆపి కనెక్షన్ తిప్పుతుంటే తెల్లటి పొగ లాంటిది ఒక్కసారిగా చేతి మీద కొట్టింది. నూలు గ్లోవ్స్ వేసుకున్నాను, అయినా బొటనవేలు, చూపుడువేలు తెల్లబడి మొద్దుబారాయి. మర్నాడు బొబ్బలు లేచాయి. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడేమో యార్డులో ఉన్న పెద్ద ట్యాంక్ నుంచి ఖాళీ సిలిండర్లు నన్నే నింపమంటున్నాడు. కాదంటే షిఫ్టులు ఆగిపోతాయని భయం. ట్యాంక్ మార్చే సరైన పద్ధతి ఏమిటి? నింపమంటే నింపాలా? - ఒక తమ్ముడు, బ్రాంప్టన్

జవాబు: తమ్ముడూ, ముందు నీ వేళ్ల సంగతి చూద్దాం. అవి చలికి పాడైన వేళ్లు. మంటకు కాలినట్టే చలికీ చర్మం, కింది మాంసం చచ్చిపోతాయి. బొబ్బ లేచిందంటే దెబ్బ పైపొర దాటి లోపలికి పోయినట్టే. అందుకని ఈ ఉత్తరం చదివిన రోజే క్లినిక్‌కి వెళ్లు. బొబ్బల్ని నువ్వే చిదమొద్దు. డాక్టర్ అడిగితే, పని దగ్గర ట్యాంక్ మారుస్తుంటే ప్రొపేన్ పడిందని ఉన్నదున్నట్టు చెప్పు. అలా చెబితేనే ఆయన డబ్ల్యూఎస్‌ఐబీకి, అంటే ఒంటారియోలో పని ప్రమాదాల బీమా చూసే బోర్డుకు, రిపోర్ట్ పంపుతాడు. నీ ఏజెన్సీకి కూడా రాతలో చెప్పు, ఒక ఈమెయిల్ చాలు. వాళ్లకు తెలిసిన 3 పని దినాల్లో వాళ్లూ బోర్డుకు రిపోర్ట్ చెయ్యాలి. నువ్వు సొంతంగా క్లెయిమ్ వేసుకోవడానికి దెబ్బ తగిలిన రోజు నుంచి 6 నెలల గడువు ఉంటుంది. "చిన్నదే కదా, ఎందుకు పెద్దది చెయ్యడం" అనుకునే వయసు నీది. అయితే వేలి కొసకు స్పర్శ తిరిగి రాకపోతే ఆరు నెలల తర్వాత నీ మాట వినడానికి కాగితం ఒకటి ఉండాలి కదా.

మళ్లీ ఎవరికైనా పడితే చెయ్యాల్సింది కూడా ఇక్కడే చెప్పేస్తాను. చెయ్యి గోరువెచ్చటి నీళ్లలో పెట్టాలి, మామూలు ఒంటి వేడి ఉంటే చాలు. వేడి నీళ్లు వద్దు, హీటర్ ముందు పెట్టొద్దు. మొద్దుబారిన చర్మానికి కాలుతున్న సంగతి తెలియదు. రుద్దొద్దు. గ్లోవ్ చర్మానికి అతుక్కుపోయి ఉంటే లాగొద్దు, నీళ్లలోనే దానంతట అది వదులయ్యేదాకా ఆగాలి. కంట్లో పడితే నీళ్లతో కడుగుతూనే 911కి ఫోన్ చేయించాలి.

ఇక అసలు విషయం. నీ చేతి మీద పడింది గ్యాస్ అనుకుంటున్నావు. కాదు, ద్రవం. తేడా అంతా ఇక్కడే ఉంది. ప్రొపేన్‌తో పనిచేసే మన పిల్లలు చాలామంది పప్పులో కాలేసేది కూడా ఇక్కడే, ఎందుకంటే మనందరికీ ఇంట్లో గ్యాస్ బండ అలవాటు. వంటింటి బండ నిలబడి ఉంటుంది. అడుగున ద్రవం, పైన ఆవిరి. స్టవ్‌కి వచ్చేది పైనున్న ఆవిరి. రెగ్యులేటర్ తీసేటప్పుడు కొంచెం బుస్సుమన్నా చేతికేమీ కాదు. ఫోర్క్‌లిఫ్ట్ ట్యాంక్ పడుకుని ఉంటుంది, లోపల ఒక వంగిన గొట్టం అడుగుదాకా దిగి ద్రవాన్నే పైకి తోడుతుంది. ఆ ద్రవం హోస్ గుండా ఇంజన్ పక్కనున్న వేపరైజర్‌కి వెళ్లి, అక్కడ రేడియేటర్ నీళ్ల వేడికి ఆవిరై, అప్పుడు ఇంజన్‌లోకి పోతుంది. అంటే ట్యాంక్ నుంచి వేపరైజర్ దాకా హోస్ నిండా ద్రవమే. బయట గాలి తగిలితే ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. చర్మం మీద పడితే ఆ మరగడానికి కావలసిన వేడిని నీ వేళ్లలోంచే లాక్కుంటుంది. నూలు గ్లోవ్ దాన్ని పీల్చుకుని ఇంకాసేపు చర్మానికి అంటించి ఉంచుతుంది తప్ప కాపాడదు.

ఇప్పుడు నీకు జరిగింది ఏమిటో చూడు. నువ్వు ముందు తాళం తిప్పి ఇంజన్ ఆపావు. ఇంజన్ ఆగగానే దాని వైపున్న లాక్-ఆఫ్, అంటే ప్రొపేన్‌ని ఆపే వాల్వ్, మూసుకుంటుంది. తర్వాత నువ్వు ట్యాంక్ వాల్వ్ కట్టినా, కట్టకపోయినా, రెండు తలుపుల మధ్య హోస్‌లో ద్రవం ఇరుక్కుపోయింది. దానికి వెళ్లే దారి లేదు. నువ్వు కనెక్షన్ విప్పగానే ఆ దారి నువ్వే ఇచ్చావు. కప్లింగ్, అంటే ట్యాంక్‌నీ హోస్‌నీ కలిపే ఆ కనెక్షన్, రెండు ముక్కల్లోనూ విప్పగానే మూసుకునే చెక్ వాల్వులు ఉంటాయి కాబట్టి చాలాసార్లు అర సెకను బుస్సుమని ఆగిపోతుంది. మీ సూపర్‌వైజర్ చూసింది అదే, అందుకే మామూలే అన్నాడు. రబ్బరు రింగు అరిగినా, చెక్ వాల్వులో మురికి ఇరుక్కున్నా హోస్‌లో ఉన్నదంతా చేతి మీదికే.

పద్ధతి మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకునే ఓపిక ఉందంటే ఇది గుర్తుంచుకో: ఇంజన్ నడుస్తుండగానే ట్యాంక్ వాల్వ్ కట్టు. హోస్‌లో ఉన్న ప్రొపేన్‌ను ఇంజనే తాగేసి, కాసేపటికి దగ్గి దానంతట అది ఆగిపోతుంది. అప్పుడు తాళం తిప్పి తీసెయ్యి. ఆ తర్వాత గానీ కప్లింగ్ మీద చెయ్యి వెయ్యొద్దు. బండి మాన్యువల్‌లో వేరే రకంగా రాసి ఉంటే మాన్యువల్ మాటే ఖాయం. సీటు వెనక జేబులోనో, కౌంటర్‌వెయిట్ పక్కనో ఉంటుంది, ఒకసారి తీసి చదువు. నాకు తెలిసినంతలో దాన్ని తెరిచేవాళ్లు చాలా అరుదు.

ఇంజన్ సగం దూరంలో తనంతట తాను ఆగిపోతే? అంటే ద్రవం అయిపోయింది, అంతే. ట్యాంక్‌లో ఆవిరి ఇంకా నిండా ఉంటుంది, ఒత్తిడితోనే ఉంటుంది. "ఖాళీ" అని రాసి ఉన్న ట్యాంక్‌కి కూడా వాల్వ్ కట్టే ఉంచాలి. నిండు ట్యాంక్‌కిచ్చే మర్యాదే దానికీ ఇవ్వాలి.

మార్చే చోటు గురించి. వీలైతే బయట, కాకపోతే గాలి బాగా ఆడే చోట, కంపెనీ ఇందుకోసం గీత గీసి పెట్టిన స్థలం ఉంటే అక్కడ. నేల చదునుగా ఉండాలి, ఫోర్కులు పూర్తిగా కిందికి దించాలి, న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ వెయ్యాలి. ప్రొపేన్ ఆవిరి గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. పైకి తేలిపోదు, నేల మీద పాకుతుంది, పల్లం చూసుకుని అక్కడ కూచుంటుంది. వేర్‌హౌస్‌లో పల్లం ఏమిటంటావా? డాక్ లెవెలర్ కింద ఉండే గుంత. ట్రైలర్లకు లోడ్ ఎక్కించే ఆ ఇనుప పలక కింద మోటారూ, స్విచ్చులూ ఉంటాయి. నైట్ షిఫ్టులో చలికి తలుపులన్నీ మూసుకుని, సరిగ్గా డాక్ పక్కనే నిలబడి ట్యాంక్ మార్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నేల డ్రెయిన్లు, మెట్ల కింద గదులు, గ్యాస్ హీటర్లు, వెల్డింగ్ జరిగే చోటు, బ్యాటరీ బండ్లు ఛార్జింగ్ పెట్టే మూల, ఇవన్నీ కూడా దూరంగా ఉంచాల్సినవే. సిగరెట్ సంగతి నీకు చెప్పక్కర్లేదనుకుంటా. ఫోన్ జేబులోనే ఉండనీ.

చేతులకు ప్రొపేన్ తట్టుకునే ఇన్సులేటెడ్ గ్లోవ్స్, మణికట్టు దాటి పైకి వచ్చేవి కావాలి. కళ్లకు సేఫ్టీ గ్లాసెస్, దొరికితే ముఖం మొత్తం కప్పే షీల్డ్. ఇవి కంపెనీ ఇవ్వాలి, నువ్వు డాలర్ స్టోర్‌లో కొనుక్కునేవి కావు.

విప్పేటప్పుడు కప్లింగ్‌ని చేత్తోనే తిప్పాలి. అది చేతి బిగింపుకే తయారైన వస్తువు. పట్టకారు, రెంచ్ పట్టుకొస్తున్నారంటే ఎవరో అంతకుముందు దాన్ని అతిగా బిగించారని అర్థం, రబ్బరు రింగు ఈపాటికి నలిగిపోయి ఉంటుంది. మెల్లగా విప్పు, ముఖం పక్కకు పెట్టుకో. క్షణంపాటు బుస్సుమంటే సరే. అది ఆగకుండా సాగితే మళ్లీ బిగించి, ట్యాంక్ వాల్వ్ నిజంగా పూర్తిగా కట్టి ఉందో లేదో చూసుకో. కట్టే ఉన్నా శబ్దం వస్తోందంటే ఆ వాల్వ్ పాడైంది. ఇక నీ పని అక్కడితో అయిపోయింది, మనుషుల్ని దూరం పంపి సూపర్‌వైజర్‌ని పిలువు.

బెల్టు విప్పి ట్యాంక్ దించేటప్పుడు నడుం జాగ్రత్త. వేర్‌హౌసుల్లో మామూలుగా వాడేది 33 పౌండ్ల ట్యాంక్, అంటే అందులో సుమారు 15 కిలోల ప్రొపేన్ పడుతుంది. ఇనుప ట్యాంక్ నిండుగా ఉంటే మన ఇంటి నిండు బండంత బరువు. నడుం ఎత్తున ఉన్న బ్రాకెట్ మీదికి అంత బరువు ఒక్కడివే ఎత్తడానికి వీరత్వం చూపించకు, ఇంకొకణ్ని పిలువు. కిందికి వంగే బ్రాకెట్ ఉన్న బండి అయితే ఆ సౌకర్యం వాడుకో, తిరిగి పైకి తోశాక లాక్ పడిందో లేదో ఊపి చూడు.

కొత్త ట్యాంక్ ఎత్తే ముందు దాన్ని తిప్పి తిప్పి చూడు. లోతైన సొట్ట, గీత, పొరలు లేస్తున్న తుప్పు, వంకరైన కాలర్ (వాల్వ్ చుట్టూ ఉండే ఇనుప పట్టీ), ఏది ఉన్నా పక్కన పెట్టి చీటీ కట్టెయ్యి. కాలర్ మీద కొట్టిన తేదీ చూడు. కెనడాలో సిలిండర్లను 10 ఏళ్లకోసారి మళ్లీ పరీక్ష చేయించాలి, గడువు దాటితే నింపకూడదు. తర్వాత కప్లింగ్ మూతిలోకి తొంగి చూసి, ఆ చిన్న రబ్బరు ఓ-రింగు ఉందో లేదో చూడు. పగిలిందా, అసలు ఊడిపోయిందా? నేను చూసిన లీకుల్లో చాలావాటికి కారణం ఆ చిటికెన వేలంత రింగే. ఒత్తిడి మరీ పెరిగితే దానంతట అదే తెరుచుకునే రిలీఫ్ వాల్వ్ మీద ప్లాస్టిక్ టోపీ ఉండాలి. అది లేకపోతే మట్టి, మంచు లోపలికి పోతాయి.

ఇప్పుడు ట్యాంక్ పడుకోబెట్టే తీరు. బ్రాకెట్ మీద ఒక పిన్ను పొడుచుకుని ఉంటుంది, ట్యాంక్ కాలర్‌లో దానికి సరిపడే రంధ్రం ఉంటుంది. పిన్ను రంధ్రంలో సరిగ్గా కూర్చుంటే రిలీఫ్ వాల్వ్ పై వైపుకి, ఆవిరి ఉండే వైపుకి వస్తుంది. ట్యాంక్‌ని కొంచెం పక్కకు దొర్లించి బెల్టు బిగించేస్తే మూడు తప్పులు ఒకేసారి జరుగుతాయి. రిలీఫ్ వాల్వ్ ద్రవంలో మునిగిపోతుంది, అది తెరుచుకున్న రోజు ఆవిరి బదులు ద్రవం చిమ్ముతుంది. లోపలి గొట్టం ద్రవాన్ని పూర్తిగా తోడలేక, ట్యాంక్‌లో ఇంకా ఉండగానే బండి ఆగిపోతుంది. గేజ్ అబద్ధం చెబుతుంది. మన ఇళ్లలో గ్యాస్ అయిపోవచ్చేసరికి బండను పడుకోబెట్టడం, ఊపడం, వేడి నీళ్లలో పెట్టడం చూసే ఉంటావు. ఇక్కడ కూడా అదే తెలివి చూపించి, ఇంకో పది నిమిషాలు నడుస్తుందని ట్యాంక్‌ని బ్రాకెట్‌లోనే తిప్పేవాళ్లు ఉన్నారు. నీకెవరైనా ఆ కిటుకు నేర్పబోతే నేర్చుకోకు.

కప్లింగ్ చేత్తో బిగించాక వాల్వ్ తెరవడంలో ఒక మెలిక ఉంది. చాలా నెమ్మదిగా తిప్పాలి. ట్యాంక్‌లో ఎక్సెస్ ఫ్లో వాల్వ్ అని ఒకటి ఉంటుంది. హోస్ తెగి ప్రొపేన్ ఒక్కసారిగా తన్నుకొస్తే ఠక్కున మూసుకోవడానికి పెట్టింది. నువ్వు వాల్వ్‌ని గభాల్న తెరిస్తే హోస్ తెగిందనుకుని అది మూసుకుంటుంది. నిండు ట్యాంక్ పెట్టినా బండి స్టార్ట్ కాదు, నువ్వేమో ట్యాంక్ చెడిపోయిందనుకుని మళ్లీ విప్పుతావు. విప్పక్కర్లేదు. వాల్వ్ కట్టి కాసేపు ఆగితే లోపల చిన్నగా "టిక్" మంటుంది, అప్పుడు మెల్లగా తెరువు. పూర్తిగా తెరిచి ఉంచు, సగంలో వదలొద్దు.

చివరగా సబ్బు నురుగు. స్ప్రే బాటిల్‌లో సబ్బు నీళ్లు పోసి కప్లింగ్ చుట్టూ కొట్టు, బుడగ పెరిగితే లీకు. కప్లింగ్ మీద తెల్లగా మంచు పేరుకుంటున్నా లీకే. అగ్గిపుల్ల, లైటర్ మాటే ఎత్తొద్దు. వాసన రాలేదు కాబట్టి లీకు లేదనుకోవద్దు. ప్రొపేన్‌కి సొంత వాసన లేదు, కుళ్లిన కంపు కోసం మెర్‌కాప్టాన్ కలుపుతారు. జలుబు చేసిన ముక్కుకు అది అందదు, కాసేపు పీల్చిన ముక్కు కూడా దానికి అలవాటు పడిపోతుంది. కొత్త సిలిండర్లలో లోపలి ఇనుముకు పట్టేసి వాసన పలచబడడమూ ఉంది.

లీకు ఆగకపోతే? ఇంజన్ స్టార్ట్ చెయ్యొద్దు, లైట్ స్విచ్చు వెయ్యొద్దు, తీయొద్దు, వాల్వ్ చేతికి అందితే కట్టు, లేకపోతే అందర్నీ బయటికి తోలి, బయటికి వచ్చాకే 911కి చెయ్యి. లీకుకు మంట అంటుకుని ఉంటే, గ్యాస్ ఆపే వీలు లేకుండా మంట మాత్రం ఆర్పొద్దు. ఆర్పిన తర్వాత కూడా గ్యాస్ వస్తూనే ఉంటుంది, ఈసారి కనపడకుండా.

రెండో ప్రశ్నకు జవాబు చిన్నది: నింపొద్దు. నీకు ఆ శిక్షణ లేదు. ఒంటారియోలో ప్రొపేన్ వ్యవహారాలు చూసేది టీఎస్‌ఎస్‌ఏ, అంటే టెక్నికల్ స్టాండర్డ్స్ అండ్ సేఫ్టీ అథారిటీ. సిలిండర్ నింపే మనిషికి అందుకు తగ్గ శిక్షణ తీసుకున్నట్టు రికార్డు ఉండాలి. ఫోర్క్‌లిఫ్ట్ సర్టిఫికెట్‌కి దీనికీ సంబంధం లేదు. ట్యాంక్ మార్చడం ఒక పని, నింపడం ఇంకో పని. నిజానికి మార్చే పనికి కూడా రాతలో శిక్షణ అడుగు, రెండు నిమిషాల ప్రదర్శన శిక్షణ కాదు.

ఎందుకింత పట్టుదలో చెబుతాను. సిలిండర్‌ని 80 శాతం వరకే నింపుతారు, మిగతా 20 శాతం ఆవిరి కోసం ఖాళీ. ప్రొపేన్ ద్రవం వేడికి బాగా ఉబ్బుతుంది. జనవరిలో మీ యార్డులో మైనస్ 20 ఉన్నప్పుడు నింపిన సిలిండర్‌ని లోపలికి, ప్లస్ 20 లోకి తెచ్చావనుకో, అందులోని ద్రవం పదో వంతుకు పైగా పెరుగుతుంది. 80 దగ్గర ఆపి ఉంటే ఏమీ కాదు. "ఇంకొంచెం పడుతుందిలే" అని నిండా నింపి ఉంటే, ఉబ్బడానికి చోటు లేక ఒత్తిడి ఎగబాకి, రిలీఫ్ వాల్వ్ తెరుచుకుంటుంది. ఎక్కడ? నీ పక్కన, తలుపులు మూసిన వేర్‌హౌస్‌లో, సరుకు నడవల మధ్య. ఒక్క లీటరు ద్రవం ఆవిరైతే దాదాపు 270 లీటర్లవుతుంది, గాలిలో 2 శాతం కలిస్తే చాలు అంటుకోవడానికి. నింపడం నేర్చినవాడు బ్లీడర్ స్క్రూ తెరిచి పెట్టుకుని, దానిలోంచి తెల్లటి ద్రవపు తుంపర రాగానే ఆపుతాడు, లేదా తూకం మీద పెట్టి లెక్క చూసి ఆపుతాడు. గేజ్ ముల్లును మాత్రం నమ్ముకోడు. నీకు ఆ స్క్రూ ఎక్కడుంటుందో తెలుసా? తెలియకపోతే నింపే గన్ చేతిలోకి తీసుకోవడానికి నీకు ఇంకా టైం ఉంది.

2008 ఆగస్టు 10 తెల్లవారుజామున టొరంటో ఉత్తరాన డౌన్స్‌వ్యూలో సన్‌రైజ్ ప్రొపేన్ డిపో పేలిపోయింది. బ్రాంప్టన్ నుంచి ఎంతో దూరం కాదు, పాతకాపులనడిగితే చెబుతారు. ఒక ట్యాంకర్ లారీలోంచి ఇంకో ట్యాంకర్‌లోకి ప్రొపేన్ మారుస్తుండగా హోస్ లీకైంది. అలా మార్చొద్దని టీఎస్‌ఎస్‌ఏ అంతకుముందే ఆ కంపెనీకి చెప్పి ఉంది. వేలమందిని ఇళ్లు ఖాళీ చేయించారు, 401 హైవే మూసేశారు. అక్కడికి వచ్చిన ఒక ఫైర్‌ఫైటర్ గుండె ఆగి పోయాడు. డిపోలో రాత్రి డ్యూటీలో చనిపోయిన ఉద్యోగికి 25 ఏళ్లు, ఇండియా నుంచి వచ్చి చదువుకుంటున్న కుర్రాడు. మీ యార్డులోని ట్యాంక్ అంత పెద్దది కాదులే. పద్ధతి తెలియని పనిని రాత్రిపూట కుర్రాళ్ల చేత చేయించే అలవాటు మాత్రం అదే.

షిఫ్టులు పోతాయన్న భయం నాకు అర్థమవుతుంది. అద్దె, ఫీజు, ఇంటికి చెప్పుకోలేని అప్పు, ఇవన్నీ వెనకనుంటే "కాదు" అనే మాట నోటి దాకా రాదు. అందుకని ముందే గొడవగా మొదలుపెట్టకు. సూపర్‌వైజర్ మంచి మూడ్‌లో ఉన్నప్పుడు షిఫ్ట్ మొదట్లోనే చెప్పు: "ఐ యామ్ నాట్ ట్రెయిన్డ్ టు ఫిల్ ప్రొపేన్. సెండ్ మీ ఫర్ ట్రెయినింగ్, దెన్ ఐ విల్ డూ ఇట్." అంతే, ఒక్క ముక్క ఎక్కువొద్దు. ఇది పని ఎగ్గొట్టే మాట కాదు, శిక్షణ అడిగే మాట. చాలామంది సూపర్‌వైజర్లు ఇక్కడే వెనక్కి తగ్గుతారు, ఎందుకంటే ఏదైనా జరిగితే తమ మెడకే చుట్టుకుంటుందని వాళ్లకూ తెలుసు. నింపమనడానికి అసలు కారణం బహుశా డెలివరీ లారీ వారానికొకసారే రావడం, మధ్యలో ట్యాంకులు అయిపోవడం. దానికి మందు, ట్యాంకులు దాచే పంజరంలో ఇంకో నాలుగు నిండు ట్యాంకులు పెట్టించుకోవడం. ఆ సలహా నువ్వే ఇచ్చి చూడు, నీకు మార్కులు కూడా పడతాయి.

అయినా బలవంతం చేస్తే, ప్రమాదకరమైన పనిని నిరాకరించే హక్కు ఒంటారియో ఆక్యుపేషనల్ హెల్త్ అండ్ సేఫ్టీ చట్టం 43వ సెక్షన్‌లో నీకుంది. "ఐ యామ్ రెఫ్యూజింగ్ అన్‌సేఫ్ వర్క్" అన్న మాట స్పష్టంగా పలకాలి. అప్పుడు సూపర్‌వైజర్ సేఫ్టీ కమిటీ మనిషినో, ఉద్యోగుల ప్రతినిధినో పక్కన పెట్టుకుని అక్కడికక్కడే పరిశీలించాలి. తేలకపోతే లేబర్ మినిస్ట్రీ ఇన్‌స్పెక్టర్‌ని పిలవాలి. అప్పటిదాకా నువ్వు ఇంటికి వెళ్లిపోకుండా దగ్గర్లో సురక్షితమైన చోట ఉండాలి, ఇది మరిచిపోయి చాలామంది కేసు పోగొట్టుకుంటారు. నిరాకరించినందుకు పని తీసెయ్యడం, బెదిరించడం అదే చట్టం 50వ సెక్షన్ కింద నేరం. ఏజెన్సీ ద్వారా వచ్చావని నీ హక్కు తగ్గదు, ఏజెన్సీకీ, వేర్‌హౌస్‌కీ ఇద్దరికీ నీ మీద బాధ్యత ఉంది. స్టూడెంట్ పర్మిట్ మీద ఉన్నా ఈ చట్టం నీకు వర్తిస్తుంది. నీ వైపు నుంచి చూసుకోవాల్సింది ఒక్కటే, సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 24 గంటల పరిమితి దాటకుండా, జీతం చెక్కు మీదే తీసుకోవడం. క్యాష్ మీద చేసేవాడి నోరు నొక్కడం చాలా తేలిక.

నువ్వు అడగలేదు గానీ, ఇంకో సంగతి. చలికాలం డాక్ తలుపులు మూసుకుని ప్రొపేన్ బండ్లు తిప్పుతుంటే షిఫ్ట్ చివరకి తలనొప్పి, వికారం, మత్తు వస్తున్నాయా? నిద్ర చాలకే అనుకోకు. ట్యూనింగ్ సరిగా లేని బండి కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి రంగు, వాసన లేవు. ఒకే రోజు ఇద్దరు ముగ్గురికి అలా ఉంటే అందరూ బయట గాలిలోకి వచ్చేసి, ఆ బండిని పక్కన పెట్టించండి.

అమెరికా నుంచి ఈ పేజీ చదివేవాళ్లకు: అక్కడ టీఎస్‌ఎస్‌ఏ ఉండదు, పని చోట భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా ఉంటుంది. ఫోర్క్‌లిఫ్ట్ రూల్ 1910.178లో ఇంజన్ నడుస్తుండగా ఇంధనం నింపకూడదనీ, ఇంధనం లీకవుతున్న బండిని సరిచేసేదాకా నడపకూడదనీ ఉంది. దీన్ని, పైన చెప్పిన వాల్వ్ కట్టి ఇంజన్‌ని ఆగనిచ్చే పద్ధతితో కలిపి గందరగోళపడొద్దు. అక్కడ మనం ఇంజన్‌తో హోస్ ఖాళీ చేయిస్తున్నాం, ఏమీ నింపడం లేదు. 18 ఏళ్లు నిండనివాళ్లు ఫోర్క్‌లిఫ్ట్ నడపకూడదు. కంపెనీయే శిక్షణ ఇచ్చి, కనీసం 3 ఏళ్లకోసారి మళ్లీ పరీక్షించాలి. వేరే కంపెనీలో తెచ్చుకున్న కార్డు చూపించి మొదటి రోజే ఎక్కేయడం అక్కడా కుదరదు.